కాలువ పూడిక తీసేది ఒకరు, బిల్లు రాసేది ఒకరు. మనం ఎవర్ని అడగాలి?

చెరువుగట్టు:
మాది విజయనగరం జిల్లాలో ఓ మున్సిపాలిటీ. ఊరి పేరు వద్దులెండి. మా వీధి కాలువలో పూడిక తీసి మూడు వారాలైంది. తీసిన బురదంతా పక్కనే కుప్పలు పోశారు, ఎత్తుకెళ్లలేదు. మొన్న వాన పడితే సగం మళ్లీ కాలువలోకే జారింది. మిగతాది మా గేటు దగ్గర గట్టిపడిపోయింది, పిల్లలు దాని మీదుగా సైకిళ్లు దూకిస్తున్నారు. వార్డు సచివాలయంలో అడిగితే "అది కాంట్రాక్టు పనండీ, ఏజెన్సీని అడగండి" అన్నారు. ఏజెన్సీ సూపర్‌వైజర్‌కి ఫోన్ చేస్తే "మాకు తీయడం వరకే సార్, ఎత్తేది వేరేవాళ్లు" అన్నాడు. ఆ వేరేవాళ్లెవరో ఆయనకీ తెలీదు. మీ దగ్గర ఇలాంటివి ఎలా తేలాయో చెప్పండి.

పాత బస్టాండు:
మా గోల వీధి దీపాలది. స్తంభం నంబరుతో సహా కంప్లైంట్ ఇచ్చాను. నాలుగో రోజు రాత్రి మెసేజ్ వచ్చింది, 'సమస్య పరిష్కరించబడింది' అని. అప్పుడు నేను ఆ స్తంభం కిందే ఫోన్ లైటు వేసుకుని, పడిపోయిన బండి తాళం వెతుక్కుంటున్నాను. సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ కూడా పెట్టాను. అది నాలుగు టేబుళ్లు తిరిగి, చివరికి ఆ దీపాలు చూసే ఏజెన్సీ దగ్గరికే వెళ్లింది. ఎవరి మీద ఫిర్యాదో జవాబు రాసేది కూడా వాళ్లే!

పెన్షనర్:
ముప్ఫై ఏళ్లు మున్సిపల్ ఆఫీసులో ఫైళ్లు మోసినవాణ్ని, కాస్త వినండి. కాంట్రాక్టర్‌కి బిల్లు ఊరికే పాస్ కాదు. ఇలాంటి పనికి ఎం-బుక్, అంటే కొలతల పుస్తకం, ఉంటుంది. ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎంత లోతు తీశారో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) కొలిచి అందులో రాస్తారు, పైవాళ్లు చెక్ చేస్తారు. తీసిన మట్టిని ఎంత దూరం తరలించాలో కూడా ఎస్టిమేటులోనే ఉంటుంది, దాన్ని లీడ్ అంటాం. అందుకని 'ఎందుకు ఎత్తలేదు' అని అడక్కండి, ఆ ప్రశ్నకి ఎవరైనా ఏదో ఒకటి చెబుతారు. సమాచార హక్కు చట్టం కింద ఎస్టిమేటు, అగ్రిమెంటు షరతులు, ఎం-బుక్ పేజీల నకళ్లు అడగండి. ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. పని ఏ ఏజెన్సీకి ఇచ్చినా, కొలిచి రాసినట్టు సంతకం పెట్టింది మాత్రం జీతం తీసుకునే ప్రభుత్వ ఉద్యోగే.

సీతాలు:
కాంట్రాక్టర్ గురించి మీకు కాలువ దగ్గర తెలిసింది, మాకు ఇంట్లో తెలుసు. మా అమ్మ 19 ఏళ్లుగా అవే వీధులు ఊడుస్తోంది. టెండరు మారినప్పుడల్లా కాగితాల్లో కొత్తగా చేరినట్టే. ఒక కాంట్రాక్టర్ హయాంలో జీతంలోంచి 12 శాతం పీఎఫ్ కోశారు. పాస్‌బుక్ తీసి చూస్తే 14 నెలలు ఖాళీ. ఆఫీసుకి వెళ్తే కాంట్రాక్టర్‌ని అడగమన్నారు, ఆయన అప్పటికే ఫోన్ నంబరు మార్చేశాడు. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న సంస్థే ఇవ్వాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలో అప్పుడే ఉండేదని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. 2020 జూలైలో ఆప్కాస్ (ఔట్‌సోర్సింగ్ ఉద్యోగుల కోసం ప్రభుత్వం పెట్టిన సంస్థ) వచ్చాక జీతం నేరుగా ఖాతాలో పడుతోంది, అది మేలే, కాదనను. పర్మనెంట్ మాత్రం కాలేదు. 2023 డిసెంబరు 26న మొదలైన మున్సిపల్ కార్మికుల సమ్మెలో అమ్మ కూడా కూర్చుంది. మీ వీధిలాంటి చోట్ల బురద ఎత్తలేదని తిట్లు పడేది ఆవిడకే. "నన్నేటి సేయమంటావు బాబూ, నా సేతిలో సీపురే గానీ బండి నేదు గదా" అంటుంది.

గంటస్తంభం:
అమ్మగారి మాట నిజమే. అలాగని పాతరోజులు స్వర్గమని అనుకోవద్దు. అందరూ పర్మనెంటుగా ఉన్నప్పుడు కూడా మస్టర్‌లో (హాజరు పట్టీలో) ఉన్న పేర్లన్నీ రోడ్డు మీద కనపడేవి కాదు. తేడా ఏంటంటే, అప్పుడు కౌన్సిలర్‌ని టీకొట్టు దగ్గర పట్టుకుని నాలుగు మాటలు అనగలిగేవాళ్లం. విజయనగరంలో 2021 మార్చిలో 50 డివిజన్లకీ ఎన్నికలైతే జరిగాయి. కానీ కార్పొరేటర్ని అడిగినా "ఏజెన్సీకి చెబుతా" అనే అనేవాడు, ఇంకేం అడుగుతాం?

నాగావళి:
మీకు అడగడానికి కార్పొరేటరైనా దొరికాడు! శ్రీకాకుళంలో పాలకవర్గం గడువు 2010లో అయిపోయింది. 2014లోనూ ఎన్నిక లేదు, కార్పొరేషన్ అయ్యాక 2021లోనూ లేదు. మా అబ్బాయి 2010లో పుట్టి పదో తరగతికి వచ్చాడు, వాడి దృష్టిలో కౌన్సిలరంటే సివిక్స్ పుస్తకంలో మనిషి. కౌన్సిల్ ఉంటే టెండరు ఎజెండాలోకి వస్తుంది, ఎవరో ఒకరు లేచి అరుస్తారు, మర్నాడు పేపర్లో పడుతుంది. ఎన్నికైనవాళ్లు లేకుండా అధికారే నడిపే స్పెషల్ ఆఫీసర్ పాలనలో అరిచేదెవరు? చెత్త పన్ను రోజులు గుర్తున్నాయా? వసూలుకి మాత్రం ఎవరు రావాలో ఎవరికీ సందేహం ఉండేది కాదు.

చెరువుగట్టు:
పెన్షనర్ గారూ, దణ్ణం. మీరు చెప్పినట్టే దరఖాస్తు పెట్టాను, 27వ రోజున కాగితాలు వచ్చాయి. ఎస్టిమేటులో లీడ్ ఉంది. ఎం-బుక్‌లో పూడిక తీసి తరలించినట్టు కూడా రాసి ఉంది, తేదీతో, సంతకంతో. ఆ పేజీకీ, మా గేటు ముందు కుప్పకీ కలిపి ఫొటో తీసి సోమవారం ఇచ్చి వచ్చాను. గురువారం పొద్దున్నే ట్రాక్టర్ వచ్చింది. వీధంతా ఎత్తారు గానీ మా గేటు ముందుది గట్టిపడిపోయిందని వదిలేశారు. ఎవరు పంపారని డ్రైవర్‌ని అడిగితే "తెలీదు సార్, ఫోనొచ్చింది, వచ్చాను" అన్నాడు.