అమ్మకి గుండె అబ్లేషన్: మత్తు తర్వాత వాంతులంటే భయంగా ఉంది

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. గుండె దడకి అమ్మకి వచ్చే వారం కాకినాడలో పూర్తి మత్తు ఇచ్చి అబ్లేషన్ (గుండెలో దడ పుట్టించే చోటుని గొట్టంతో పనిచేయకుండా చేయడం) చేస్తారట. నా టెన్షనంతా వాంతుల గురించే. గర్భసంచి ఆపరేషన్ అప్పుడు మత్తు దిగాక తెల్లవార్లూ పసరు కక్కింది, గుక్కెడు నీళ్లు కూడా నిలవలేదు. అసలు కోటిపల్లి రేవులో పంటు ఎక్కినా ఆవిడకి డోకొస్తుంది. ప్రయాణాలు పడనివాళ్లకి మత్తు తర్వాత వాంతుల ముప్పు ఎక్కువే కదా.

ఈసారి గజ్జలోంచి గొట్టం వేస్తారు, కొన్ని గంటలు కాలు కదపకుండా పడుకోవాలి. అప్పుడు డోకొచ్చి లేస్తే అక్కడ రక్తం కారదా? పైగా దడకి అమియోడరోన్ అనే మందు వాడుతోంది. వాంతులకిచ్చే ఆన్‌డాన్సెట్రాన్‌లాగే అదీ ఈసీజీలో క్యూటీని (ప్రతి కొట్టుకి గుండె మళ్లీ సిద్ధమయ్యే సమయాన్ని) పెంచుతుంది, రెండూ కలిస్తే గుండె లయ తప్పుతుందేమోనని భయం. మత్తు డాక్టరు గారిని ముందే ఏమేం అడగాలి? ఇది చేయించుకున్నవాళ్లు, మీకు ఏ మందు పనిచేసిందో, వికారం ఎప్పటికి తగ్గిందో దయచేసి చెప్పండి.