ఫ్రాయిడ్ తప్పైతే సైకోడైనమిక్ థెరపీ కూడా తప్పేనా?

ప్రశ్న:
మనకు తెలియకుండా మనసులో దాగిన భావాలు, చిన్ననాటి అనుభవాలే మనల్ని నడిపిస్తాయనే సైకోడైనమిక్ విధానాన్ని ఇంకా ఎందుకు నెత్తిన పెట్టుకుంటున్నామో నాకు అర్థం కాదు. దానికి ఆద్యుడైన ఫ్రాయిడ్ 1909లో ప్రచురించిన 'లిటిల్ హాన్స్' కేసు చూడండి. ఐదేళ్ల పిల్లవాడికి గుర్రాలంటే భయం. అది నిజానికి తండ్రి మీది భయమని, తల్లి మీది మమకారంలోంచి పుట్టిందని ఫ్రాయిడ్ తేల్చాడు. వివరాలు రాసి పంపిందేమో ఆ తండ్రే, ఆయన అప్పటికే ఫ్రాయిడ్ అనుచరుడు. చికిత్స సాగినంతకాలంలో ఫ్రాయిడ్ పిల్లవాణ్ణి చూసింది ఒక్కసారే! బండి గుర్రం వీధిలో కూలబడటం ఆ పిల్లవాడు కళ్లారా చూశాడు. భయపడటానికి అది చాలదా? వాడు 'నాన్నంటే భయమే' అంటే సిద్ధాంతం నిజం, 'కాదు' అంటే భయాన్ని అణచుకుంటున్నట్టు. ఎటు తిప్పినా ఓడిపోని సిద్ధాంతం శాస్త్రం కాదని తత్వవేత్త కార్ల్ పాపర్ అన్నది ఇందుకే.

జవాబు:
హాన్స్ విషయంలో మీ మాటే నిజమండీ. కానీ మీరు 1909 దగ్గరే ఆగిపోయారు. మనోవైద్యుడు జాన్ బౌల్బీ ఫ్రాయిడ్ మొదలుపెట్టిన మనోవిశ్లేషణలో శిక్షణ పొందినవాడే. తల్లీబిడ్డల అనుబంధం గురించి ఆయన చెప్పినదాన్ని మనస్తత్వవేత్త మేరీ ఎయిన్స్‌వర్త్ పిల్లల్ని నేరుగా గమనించి పరీక్షించింది. చికిత్స మాటకొస్తే, సైకోడైనమిక్ థెరపీ మీది అధ్యయనాలపై మనస్తత్వవేత్త జొనాథన్ షెడ్లర్ 2010లో చేసిన సమీక్ష ప్రకారం థెరపీ ముగిశాక కూడా మెరుగుదల కొనసాగుతుంది.

నా సంగతే చెబుతాను. పై అధికారి పిలిస్తే చాలు, చేతులు వణికేవి. ఊపిరి పీల్చుకునే చిట్కాలు ఆ పూటకే పనిచేసేవి. ఎవరు గొంతు పెంచినా నేను చిన్నప్పటిలాగే మౌనంగా ముడుచుకుపోతున్నానని థెరపీలో నెలల తర్వాత తెలిసింది. టెన్షన్ పూర్తిగా పోలేదు, కానీ ఇప్పుడు నోరు విప్పగలుగుతున్నాను.

ప్రశ్న వేసినవారు:
మీకు మేలు జరిగినందుకు నిజంగా సంతోషం. అయితే శ్రద్ధగా వినే మనిషి దొరకడం వల్లే ఆ మేలు జరిగి ఉండొచ్చు కదా? థెరపీ పనిచేసినంత మాత్రాన సిద్ధాంతం రుజువైనట్టు కాదు.

మరో సభ్యురాలు:
ఆ రెండూ వేరు ప్రశ్నలే, విడిగానే తేల్చాలి. నన్ను భయపెట్టేది ఇంకొకటి. 'అణచివేసిన జ్ఞాపకం' (మనసు మనకే తెలియకుండా దాచేసిందనుకునే సంగతి) కోసం పదేపదే తవ్వితే, జరగనిది కూడా జరిగినట్టు గుర్తుకు రావచ్చు. చిన్నప్పుడు షాపింగ్ మాల్‌లో తప్పిపోయినట్టు లేని జ్ఞాపకాన్ని కొందరిలో కల్పించవచ్చని మనస్తత్వవేత్త ఎలిజబెత్ లాఫ్టస్ 1990లలో చూపించింది. థెరపిస్టు 'మీ బాల్యంలో ఏదో జరిగే ఉంటుంది' అని ముందే తేల్చేస్తే, అక్కణ్ణుంచి లేచి వచ్చేయమనే చెబుతాను.