తాత పికప్‌ను థార్ ఛాసిస్ మీద కూర్చోబెడితే అది తాత బండేనా?

పాకాల కుర్రోడు:
1972లో మా తాత కొన్న మహీంద్రా ఎఫ్‌సీ పికప్ ఇంకా మామిడితోట షెడ్డులోనే ఉంది. ముక్కు లేని మొహం, సీటు పక్కనే ఇంజిన్ పెట్టె. మొన్న పలమనేరు నుంచి ఖాళీగా వస్తూ మొగిలి ఘాట్ దిగుతుంటే బ్రేకు రెండుసార్లు తొక్కినా పట్టలేదు. మూడోసారికి పట్టింది. ఈలోపు ముందున్న లారీ వెనక రాసిన పిల్లల పేర్లన్నీ చదివేశాను. అమెరికాలో పాత డాడ్జ్ పవర్ వేగన్ పికప్‌ల కింద కొత్త ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే) ఛాసిస్, అంటే బండి కింది ఇనుప చట్రం, పెట్టి తిప్పుతున్నారు. గుద్దుకున్న మహీంద్రా థార్ జీపు ఒకటి బేరానికొచ్చింది. దాని ఛాసిస్ వేసేయనా?

రేణిగుంట రోడ్డు మెకానిక్:
తమ్ముడూ, మీ బండిలో క్యాబిన్ ముందు చక్రాల మీదే ఉంటుంది. థార్‌లో అక్కడ ఇంజిన్ ఉంటుంది. క్యాబిన్ ఎత్తాలి, లేదా ఇంజిన్‌ను వెనక్కి జరపాలి. స్టీరింగ్ రాడ్డు, పెడల్స్, గేర్ లింకేజీ అన్నీ కొత్తగా చేయాలి. థార్ వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, 2450 మిల్లీమీటర్లు. నీ బండికి టేపు పెట్టి చూడు, తొట్టి కోసి అతకాల్సొస్తుంది. చివరికి తాతది మిగిలేది రేకు.

ఆర్‌సీ పిచ్చోడు:
రేకు కూడా మిగలదు సార్. ఆర్‌సీలో ఉండేది ఛాసిస్ మీద కొట్టిన నంబరు. కాగితం ప్రకారం అది ఎవరో గుద్దిన థార్, పైన మీ తాత టోపీ. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 దీన్ని ఒప్పుకోదు. ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పైగా 50 ఏళ్లు దాటిన సొంత వాడకం బళ్లకు 2021 నిబంధనల కింద వీఏ నంబరు, అంటే వింటేజ్ (పాతకాలపు) బండి నంబరు, ఇస్తారు. మీ పికప్‌కు వస్తుందేమో అడిగి చూడొచ్చు. ఛాసిస్, బాడీ, ఇంజిన్ ముట్టుకుంటే ఆ అవకాశమూ పోతుంది.

చంద్రగిరి రైతు:
వీఏ నంబరుతో కాయలు తోలేదానికి లేదు కదా. ఎగ్జిబిషన్లో పెట్టి దండ వేయడానికా ఆ బండి? పని చేసిన బండి పని చేస్తూనే ఉండాలి. నేనైతే ఛాసిస్ మార్చడానికే ఓటు, జైలు సంగతి తర్వాత.

రేణిగుంట రోడ్డు మెకానిక్:
అన్నా, జైలుకు నువ్వెళ్తావా? సమస్య బ్రేకుది, ఛాసిస్‌ది కాదు. ఈ పాత బళ్లలో బ్రేకు ఆయిల్ అంతా ఒకే లైను. ఎక్కడ కారినా నాలుగు చక్రాలకూ పోతుంది. ముందు మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ను తోసేది) విప్పి చూడండి. ఆ తర్వాత ముందుకూ వెనక్కీ వేరువేరు లైన్లు వేయడం గురించి మాట్లాడదాం.

చంద్రగిరి రైతు:
అతుకుల బేరం. నా మాట నాదే.

పాకాల కుర్రోడు:
సాయంత్రం విప్పాను. లోపలి రబ్బరు వేలితో నొక్కితే పొడి రాలింది. ఇన్నాళ్లూ దీంతోనా తిరిగింది అని అవ్వ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. మెకానిక్ అన్నా, శనివారం షాపు తీసుంటుందా?