ఫోర్డ్ ఆస్పైర్ డీజిల్ పార్ట్స్ ఎక్కడ కొనాలి? షోరూమా, ఆటోనగరా, ఆన్‌లైనా?

గుంటూరు_ఆస్పైర్: నాది 2017 ఆస్పైర్, 1.5 డీజిల్. టైమింగ్ బెల్ట్ (ఇంజిన్ లోపలి భాగాలను ఒకదానితో ఒకటి కలిపి తిప్పే బెల్ట్) మార్చే టైమొచ్చింది. ఎడమ పక్క మిర్రర్ కూడా పగిలింది. ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ ఆపేస్తున్నామని చెప్పినప్పటి నుంచీ మా మెకానిక్ "సామాను దొరకదు, అమ్మేయండి" అంటున్నాడు. బండి ఇంకా బంగారంలా ఉంది, అమ్మే ఉద్దేశం లేదు. ఎక్కడ కొనమంటారు?

ఎకోస్పోర్ట్_వరంగల్: ఆ మాట పట్టించుకోకండి అన్నా. మా ఎకోస్పోర్ట్ డీజిల్‌దీ అదే ఇంజిన్. షాపులో ఆస్పైర్‌కి లేదంటే ఎకోస్పోర్ట్ పేరు చెప్పి అడగండి. బెల్ట్ ఒక్కటే తీసుకోవద్దు. టెన్షనర్, ఐడ్లర్ (బెల్ట్‌ను బిగువుగా, దారి తప్పకుండా ఉంచే చక్రాలు), వాటర్ పంపు కూడా కలిపే మార్పించండి. ఆ పంపును తిప్పేది కూడా ఈ బెల్టే. రేపు పంపు లీకైతే మళ్లీ అంతా విప్పాలి, లేబర్ రెండోసారి కట్టాలి. ఈ బెల్ట్ కిట్ మాత్రం ఫోర్డ్ సర్వీస్ సెంటర్ కౌంటర్‌లోనే బిల్లుతో కొనండి. సర్వీస్ నడుస్తూనే ఉంది. నకిలీ బెల్ట్ నడుస్తుండగా తెగితే ఇంజిన్ హెడ్ పనికే బోలెడు ఖర్చవుతుంది. అక్కడ పొదుపు చూడొద్దు.

బెజవాడ_వీల్స్: మిర్రర్‌కి కొత్తది ఎందుకండీ? విజయవాడ ఆటోనగర్‌లో పాత బండ్లు విప్పి అమ్మేవాళ్ల దగ్గర అడగండి. డోర్లు, బంపర్లు, లైట్లు అక్కడ కళ్లతో చూసుకుని తీసుకోవచ్చు. పగిలిన మిర్రర్ విప్పి చేత్తో పట్టుకెళ్లండి. వైరు చివర కనెక్టర్‌లో పిన్నులు రెండింటికీ సరిపోవాలి. వేరియంట్ మారితే అద్దం తిప్పే మోటార్ ఉండేది, లేనిది వేరుగా ఉంటాయి, పైకి మాత్రం ఒకేలా కనిపిస్తాయి. బ్రేక్, సస్పెన్షన్ సామాను మాత్రం సెకండ్‌హ్యాండ్‌లో వద్దండి, ఎంత చవకైనా సరే.

నెల్లూరు_టీడీసీఐ: ఆన్‌లైన్‌లో ఫిల్టర్లు నేను తరచూ తెప్పిస్తాను. మోడల్ పేరు చూసి ఆర్డర్ చేయకండి. ఆర్సీలో ఉన్న ఛాసిస్ నంబర్ సర్వీస్ సెంటర్‌లో చెప్తే పార్ట్ నంబర్ తీసిస్తారు, దానితో వెతకండి. ఒక సైట్ నాకు పెట్రోల్ బండి ఫిల్టర్ పంపింది. డబ్బా తెరుస్తూ తీసిన వీడియో ఉండబట్టి డబ్బు వెనక్కొచ్చింది.

గుంటూరు_ఆస్పైర్: అందరికీ థాంక్స్. రేపే ఛాసిస్ నంబర్‌తో కౌంటర్‌కి వెళ్తాను. కిట్ అక్కడ కొని, బయట మెకానిక్‌తో బిగించుకోవచ్చా?

ఎకోస్పోర్ట్_వరంగల్: బిగించుకోవచ్చు, కానీ బెల్ట్ మార్చేటప్పుడు ఆ ఇంజిన్ కదలకుండా టైమింగ్ లాక్ చేసే టూల్స్ ఆయన దగ్గర ఉన్నాయో లేదో ముందే అడగండి. లేవంటే ఆ పని కూడా సర్వీస్ సెంటర్‌కే ఇచ్చేయండి.