పార్టీలు లేని పార్లమెంటులో మెజారిటీని ఎలా లెక్కపెట్టేవారు? (న్యూజిలాండ్, 1856–1860)

ప్రశ్న

నమస్కారం. కొన్నేళ్లుగా వెల్లింగ్టన్‌లో ఉంటున్నాను. ఇక్కడి చట్టసభల చరిత్ర చదువుతూ రెండవ పార్లమెంటు దగ్గర ఆగిపోయాను. 1855 చివర్లో ఎన్నికలు జరిగి, 1856 ఏప్రిల్ 15న అప్పటి రాజధాని ఆక్లండ్‌లో సభ కొలువుదీరింది. మే 7న హెన్రీ స్యూవెల్ ప్రభుత్వం ఏర్పాటు చేసి 13 రోజులకే దిగిపోయారు. ఆ తరువాత వచ్చిన విలియం ఫాక్స్‌దీ 13 రోజుల ముచ్చటే. జూన్ 2న పగ్గాలు పట్టిన ఎడ్వర్డ్ స్టాఫర్డ్ మాత్రం 1861 జులై దాకా, అంటే ఐదేళ్లకు పైగా, కుర్చీలో ఉన్నారు.

సభ అదే, సభ్యులూ దాదాపు వారే. ఒక్కరికీ పార్టీ లేదు, విప్ లేదు, ఫిరాయింపు అనే మాటకు అర్థమే లేదు. మన శాసనసభల్లో అయితే ఏ గుర్తు మీద ఎంతమంది గెలిచారో చూసి ఫలితాల రోజు సాయంత్రానికే లెక్క తేల్చేస్తాము. ఆ 37 మందిలో ఎవరు ఎటువైపు ఉన్నారో అప్పట్లో ఎలా తెలిసేది? నాలుగు వారాల్లో ఇద్దరిని దించిన సభ మూడో మనిషిని అంతకాలం ఎందుకు భరించింది? తెలిసినవారు వివరించగలరని మనవి.

మొదటి సమాధానం

మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉందండి. పార్టీ గుర్తు లేకపోయినా ప్రతి సభ్యుడి నుదుటి మీద అతని ప్రావిన్సు పేరు రాసి ఉన్నట్టే ఉండేది. 1852 నాటి రాజ్యాంగ చట్టం ఆక్లండ్, న్యూ ప్లిమత్, వెల్లింగ్టన్, నెల్సన్, కాంటర్‌బరీ, ఒటాగో అనే ఆరు ప్రావిన్సులను ఏర్పరచి, ప్రతి దానికీ ఎన్నికైన సూపరింటెండెంటునూ (ప్రావిన్సు పాలనాధిపతిని), ఒక మండలినీ ఇచ్చింది. సముద్రమే రాజమార్గమైన ఆ రోజుల్లో డునెడిన్ నుంచి ఆక్లండ్‌కు సభ్యుడు ఓడలో వారాల తరబడి ప్రయాణం చేసి వచ్చేవాడు. ఆక్లండ్ సభ్యుడు చర్చ ముగియగానే ఇంటికి వెళ్లి భోజనం చేసేవాడు. ఊరికీ ఊరికీ మధ్య అంత దూరం ఉన్నప్పుడు దేశమంతటికీ ఒకే పార్టీ పుట్టడానికి అవకాశం ఏముంటుంది?

కనుక 1856లో సభను చీల్చిన ప్రశ్న సిద్ధాంతాలకు సంబంధించినది కాదు. భూమి అమ్మకాల వల్ల వచ్చే డబ్బు ఎవరిది, పాత అప్పు ఎవరు తీర్చాలి అన్నదే అసలు పేచీ. దక్షిణాన వలస ఊళ్లను స్థాపించిన న్యూజిలాండ్ కంపెనీ మూతపడుతూ మిగిల్చిన బాకీ దేశం మొత్తం నెత్తిన పడింది. ఆ కంపెనీ తమ ప్రాంతంలో ఊరేమీ కట్టలేదు కాబట్టి ఆ అప్పులో తమకు వాటా ఎందుకని ఆక్లండ్ వారు వాదించారు. భూమి ఆదాయం తమ చేయి దాటిపోకూడదని ప్రావిన్సుల వారు పట్టుపట్టారు. ఫాక్స్ ఈ రెండో పక్షానికి పెద్ద గొంతు. ఆయన వెనుక వెల్లింగ్టన్ సూపరింటెండెంటు ఫెదర్‌స్టన్ ఉన్నారు.

స్టాఫర్డ్ నెల్సన్‌కు సూపరింటెండెంటుగా పనిచేసి వచ్చిన మనిషి. అప్పటికి వయసు 37. ప్రావిన్సుల బాధ తెలుసు, అయినా కేంద్రం గట్టిగా ఉండాలనే కోరుకునేవారు. ఆయన చేసిన తెలివైన పని ఏమిటంటే, పడిపోయిన స్యూవెల్‌నే తన మంత్రివర్గంలోకి తీసుకుని, 1856 ఒడంబడికగా పేరుపడిన సర్దుబాటును సభ చేత ఒప్పించారు. భూమి ఆదాయం ప్రావిన్సులకు దక్కింది. కంపెనీ బాకీని 2 లక్షల పౌండ్లతో వదిలించుకోవడానికి కేంద్రం అప్పు తెచ్చింది. పేచీకి మూలమైన డబ్బు సంగతి తేలిపోయాక ప్రభుత్వాన్ని పడగొట్టవలసిన అవసరం చాలామందికి లేకపోయింది. పదవుల పంపకం కన్నా పద్దుల పంపకమే స్టాఫర్డ్‌ను నిలబెట్టిందని నా అభిప్రాయం.

రెండవ సమాధానం

పై సమాధానంలోని విషయాలతో పేచీ లేదు గానీ, ముగింపుతో నేను పూర్తిగా ఏకీభవించలేను. ఒడంబడిక కొంత నిలబెట్టిన మాట నిజమే. అంతకన్నా ముఖ్యమైనది, సభ అసలు ఎన్ని రోజులు కూర్చున్నది అనే సంగతి. తేదీలు చూడండి: 1856లో ఏప్రిల్ 15 నుంచి ఆగస్టు 16 వరకు, 1858లో ఏప్రిల్ 10 నుంచి ఆగస్టు 21 వరకు, 1860లో జులై 30 నుంచి నవంబరు 5 వరకు. అంతే! 1857లోనూ, 1859లోనూ సభ ఒక్కరోజు కూడా సమావేశం కాలేదు. నాలుగున్నరేళ్ల కాలంలో సభ నడిచిన నెలలన్నీ కలిపితే ఒక ఏడాది కూడా నిండదు. సభే లేనప్పుడు అవిశ్వాసం పెట్టేది ఎవరు?

1859లో స్టాఫర్డ్ స్వయంగా ఇంగ్లండ్ ప్రయాణం పెట్టుకున్నారు. ప్రధాని నెలల తరబడి ఊళ్లో లేకపోయినా మంత్రివర్గానికి ఏమీ కాలేదు. పార్టీ లేని సభలో అటువంటి నిబ్బరం ఓట్ల బలం వల్ల వచ్చిందని అనుకోలేము. తరువాతి పార్లమెంటు 1861లో సమావేశమయ్యాక స్టాఫర్డ్‌ను ఒక్క ఓటు తేడాతో దించి, పాత ప్రత్యర్థి ఫాక్స్‌ను కూర్చోబెట్టింది. ఐదేళ్ల స్థిరత్వం వెనుక ఉన్న మెజారిటీ ఎంత పలచనిదో ఆ ఒక్క ఓటే చెబుతుంది.

ఎవరు ఎటువైపో ఎలా తెలిసేదని అడిగారు కదా, చాలాసార్లు ఓటింగు అయ్యేదాకా తెలిసేది కాదు. నాయకుడు కావాలనుకున్నవాడు సభ్యులను ఒక్కొక్కరినీ కలిసి మాట తీసుకోవాలి. ఆ మాట ఆ తీర్మానం వరకే చెల్లుతుంది. మరుసటి వారం వంతెనల పద్దు వస్తే అదే సభ్యుడు ఎదుటి వరుసలో కనిపించవచ్చు, అందులో అతనికి సిగ్గుపడవలసింది కూడా ఏమీ లేదు. ఆక్లండ్‌లో జరిగే సమావేశానికి దక్షిణాది సభ్యులు రాలేకపోయినా, పంట పనులనో వ్యాపారమనో మధ్యలో ఓడెక్కి వెళ్లిపోయినా లెక్క తారుమారయ్యేది. విసిగిపోయి రాజీనామా చేసినవారూ ఉన్నారు.

మూడవ సమాధానం

ఇద్దరూ సభ లోపలి సంగతులు బాగా చెప్పారు. సభ్యులు సభలోకి ఎలా వచ్చారో కూడా చూస్తే పార్టీ ఎందుకు అవసరపడలేదో ఇంకాస్త అర్థమవుతుంది. 1855 ఎన్నికలు ఒకే రోజున జరగలేదు. అక్టోబరు 28 నుంచి డిసెంబరు 28 వరకు ఒక్కొక్క నియోజకవర్గంలో ఒక్కొక్క తేదీన జరిగాయి. ఓటరు అధికారి ముందు నిలబడి, అందరూ వింటుండగా, తాను ఎవరికి ఓటు వేస్తున్నాడో నోటితో చెప్పాలి. రహస్య బ్యాలెట్ 1870 చట్టంతో గానీ రాలేదు. ఊరి పెద్ద భూస్వామి ఎదురుగా నిలబడి ఉండగా పేరు పలకవలసి వచ్చినప్పుడు ప్రచార యంత్రాంగంతో పనేముంది? పలు స్థానాల్లో పోటీయే లేదు.

మన గ్రామ పంచాయతీ ఎన్నికలు ఇక్కడ గుర్తుకు వస్తాయి. చట్టం ప్రకారం అవి పార్టీ రహితమైనవి, సర్పంచి అభ్యర్థికి పార్టీ గుర్తు ఉండదు. అయినా ఎవరు ఎవరి మనిషో ఊళ్లో చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు. పోలిక అంతవరకే. మన ఊళ్లో పార్టీ ఉండి కనిపించదు, 1856 నాటి ఆక్లండ్‌లో పార్టీ అన్నదే లేదు.

ఓటు హక్కు 21 ఏళ్లు నిండిన, ఆస్తి గల పురుషులకే ఉండేది: 50 పౌండ్ల విలువైన సొంత భూమి, లేదా పట్టణంలో ఏడాదికి 10 పౌండ్ల, పల్లెలో 5 పౌండ్ల విలువైన నివాసం ఉండాలి. చట్టంలో జాతి ప్రస్తావన లేదు. కానీ అక్కడి మూలవాసులైన మావోరీల భూమి తెగ ఉమ్మడి ఆస్తి కావడం వల్ల, వ్యక్తి పేరిట పట్టా లేక వారిలో అత్యధికులు జాబితాకు ఎక్కలేదు. 1858 జనగణనలో వలస వచ్చినవారు దాదాపు 59 వేలు, మావోరీలు దాదాపు 56 వేలు. దేశంలో సగం మంది ఊసు సభలో లేదు. మావోరీలకు 4 స్థానాలు కేటాయించినది 1867లో. ప్రావిన్సుల డబ్బు తగవే రాజకీయమంతా అన్నట్టు మనం చదువుతున్నామంటే అందుకు ఇది కూడా ఒక కారణం.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. సమావేశాల తేదీలు పక్కపక్కన పెట్టి చూడాలని నాకు తోచనేలేదు. ఒక్క సందేహం మిగిలింది. పార్టీ లేనప్పుడు ప్రధానిని ఎంచుకునే అధికారం గవర్నరు చేతిలోనే ఉండిపోయేదా?

రెండవ సమాధానం ఇచ్చినవారు

మొదటి పార్లమెంటులో సరిగ్గా ఈ విషయం మీదే రభస జరిగిందండి. 1854లో జేమ్స్ ఫిట్జెరాల్డ్ బృందాన్ని తాత్కాలిక పాలకుడు వైన్యార్డ్ కార్యనిర్వాహక మండలిలోకి తీసుకున్నా, పాత అధికారులను తప్పించే అధికారం తనకు లేదన్నాడు. దానితో వారు ఆగస్టు 2న రాజీనామా చేశారు. ఆగస్టు 17న సమావేశాలను ముగించబోతున్న సమయంలో నెల్సన్ సభ్యుడు జేమ్స్ మాకే నెత్తిన టోపీతో, చేతిలో గొడుగుతో, గెజిట్ పట్టుకుని సభలోకి రావడమూ, స్యూవెల్ ఆయనను అడ్డుకోబోవడమూ, తోపులాట కావడమూ జరిగాయి. ఆ నెలాఖరున వచ్చిన ఫోర్సైత్ మంత్రివర్గం మూడు రోజుల్లో పడిపోయింది. గవర్నరు ఎవరినైనా పిలవగలడు గానీ సభ ఒప్పుకోకపోతే నిలబెట్టలేడని అప్పటికే తేలింది. 1856లో గవర్నరు గోర్ బ్రౌన్ ఆ పద్ధతికి తలవంచాడు.

అయితే ఆయన ఒక శాఖను వదలలేదు. మావోరీల వ్యవహారాలు తన చేతిలోనే ఉంచుకున్నాడు. తరనాకి ప్రాంతంలోని వైటారాలో తెయిరా అనే వ్యక్తి అమ్మజూపిన భూమిని, తెగ పెద్ద విరేము కింగి అభ్యంతరం చెప్పినా కొనడానికి పూనుకోవడంతో, 1860 మార్చి 17న అక్కడ కాల్పులు మొదలయ్యాయి. సభ సమావేశమైనది జులై 30న. సభ్యులు ఓడలు దిగి వచ్చేసరికి యుద్ధానికి నాలుగు నెలలు దాటాయి.