క్రీమ్ నున్నగా రావడం లేదు, పువ్వులు నిలబడటం లేదు. తప్పు ఎక్కడుంది?

ప్రశ్న:
కేక్ డెకరేషన్ కొత్తగా నేర్చుకుంటున్నానండీ. స్పాంజ్ బాగానే వస్తోంది, తేడా అంతా పైపూత దగ్గరే. వాడేది నాన్-డెయిరీ విప్పింగ్ క్రీమ్ (పాల మీగడకు బదులు వెజిటబుల్ ఫ్యాట్‌తో చేసేది). పూస్తుంటే కేక్ పొడి క్రీమ్‌లో కలిసిపోతోంది, పక్కలంతా చిన్న చిన్న గుంటలు. స్టార్ నాజిల్‌తో (క్రీమ్ బ్యాగ్ కొసకు తొడిగే నక్షత్రం ఆకారపు మూతి) వేసే పువ్వుల్లో మొదటి మూడు నాలుగు బాగుంటున్నాయి. తర్వాతవి అంచులు చిరిగిపోతున్నాయి, లేదా జారి కూలబడుతున్నాయి. 24 నాజిళ్ల సెట్ కొంటే ఏమైనా ఉపయోగమా?

జవాబు 1:
సెట్ ఇప్పుడే వద్దండీ. మీరు చెప్పినవన్నీ క్రీమ్ పదును, చల్లదనం తప్పినప్పుడు వచ్చేవే. నాజిల్ మారిస్తే పోవు.

గడ్డకట్టిన క్రీమ్‌ను ముందు రోజు రాత్రే ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్ అరలోకి మార్చండి. పూర్తిగా ద్రవమవ్వాలి, కానీ చల్లగానే ఉండాలి. లోపల మంచు పలుకులు మిగిలితే క్రీమ్ గరుకుగా తయారవుతుంది. గిన్నె, బీటర్ పుల్లలు కూడా 15 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. మొదటి నిమిషం తక్కువ స్పీడ్, తర్వాత మీడియం. హై స్పీడ్ వద్దు, మీ గుంటలకు మొదటి కారణం అదే. గాలి పెద్ద బుడగలుగా చేరి, పూసేటప్పుడు పగులుతుంది.

ఎక్కడ ఆపాలన్నదే అసలు విద్య. బీటర్ గీతలు చెరగకుండా నిలవడం మొదలవగానే మిషన్ ఆపి ఒకసారి పైకెత్తి చూడండి. కొన నిలబడి, చివర మాత్రం కొంచెం వంగాలి. పూతకు ఆ పదును చాలు. ఇంకో అర నిమిషం తిప్పారంటే మెరుపు పోతుంది, స్పాచులాతో లాగిన చోట దూది చింపినట్టు కనిపిస్తుంది. అలా అయినా పారేయకండి. గిలకొట్టని చల్లటి క్రీమ్ రెండు మూడు స్పూన్లు పోసి, మిషన్ పెట్టకుండా స్పాచులాతో మెల్లగా కలిపితే చాలావరకు దారికొస్తుంది. పూసే ముందు స్పాచులాను గిన్నె గోడకు అదుముతూ ఓ నిమిషం కలిపితే మిగిలిన బుడగలు కూడా పోతాయి.

పొడి కలవకుండా ఉండాలంటే రెండు పూతలు వేయాలి. కేక్‌ను చుట్టి కనీసం గంట ఫ్రిజ్‌లో ఉంచి, ముందుగా కేక్ కనిపించేంత పల్చగా పూసి, మళ్లీ 20–30 నిమిషాలు చల్లబెట్టండి. ఆ పూతకు తీసిన క్రీమ్ వేరే గిన్నెలో ఉండాలి. పొడి అంటిన స్పాచులా పెద్ద గిన్నెలోకి ఒక్కసారి వెళ్లినా కష్టమంతా వృథా.

రెండో పూత కావలసినదానికన్నా మందంగానే వేయండి, ఎక్కువైంది స్క్రేపర్ (పక్కలు నున్నగా గీకే రేకు) తీసేస్తుంది. స్క్రేపర్ అడుగు అంచు టర్న్‌టేబుల్‌కు, అంటే కేక్ పెట్టి తిప్పే బల్లకు, ఆనాలి. చెయ్యి కదలకూడదు, బల్ల తిరగాలి. గుంట పడితే అక్కడ కాస్త క్రీమ్ అద్ది మళ్లీ ఒక చుట్టు. పై అంచున లేచిన క్రీమ్‌ను బయటి నుంచి మధ్యకు లాగండి, ప్రతి లాగుడుకీ స్పాచులా తుడవండి.

జవాబు 2:
పూత సంగతి పైన వివరంగా ఉంది, పువ్వుల గురించి చెబుతాను. మొదటి మూడు బాగుండి తర్వాతవి జారుతున్నాయంటే చేతి వేడి. క్రీమ్ వేసి నొక్కే పైపింగ్ బ్యాగ్ సగానికి మించి నింపొద్దు. మిగతా క్రీమ్ ఫ్రిజ్‌లోనే ఉండనివ్వండి. పట్టుకునేది బ్యాగ్ మెలితిప్పిన పైభాగాన్ని, నొక్కేది అరచేత్తో. రెండో చేతి వేలు నాజిల్ దగ్గర దారి చూపడానికే.

అంచులు చిరగడానికి కారణం వేరు. నాజిల్ గుండా దూరేటప్పుడు కూడా క్రీమ్ ఇంకొంచెం బిగుస్తుంది. గిన్నెలోనే పూర్తిగా బిగిసిన క్రీమ్‌ను బ్యాగ్‌లో వేస్తే చిరగక ఏమవుతుంది?

పువ్వుకు నాజిల్ నిట్టనిలువుగా, కేక్‌కు అర సెంటీమీటర్ ఎత్తున ఉండాలి. నొక్కండి, నొక్కడం ఆపండి, ఆ తర్వాతే పైకెత్తండి. నొక్కుతూ ఎత్తితే తోకలొస్తాయి. వారం పాటు ఒక్క 1ఎం నంబర్ పెద్ద స్టార్ నాజిల్ చాలు. బేకింగ్ పేపర్ మీద వరసగా ఒకే సైజు పువ్వులు 20 వేసి, గీకి మళ్లీ బ్యాగ్‌లో నింపి వేయండి. పూత సాధనకైతే గుండ్రటి డబ్బా బోర్లించి పూయండి, స్పాంజ్ ఖర్చు కాదు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్సండీ. ఇంకొక్కటి. ఎరుపు కలిపితే ముదురు గులాబీ దగ్గరే ఆగిపోతోంది, ఎంత రంగు వేయాలి?

జవాబు 2:
రంగు పెంచుకుంటూ పోవద్దు. తెల్లటి క్రీమ్‌లో ఎరుపు రావాలంటే చాలా పడుతుంది, చేదెక్కుతుంది, క్రీమ్ పలచబడుతుంది. జెల్ రంగే వాడండి, నీళ్ల రంగు వద్దు. కావలసినదానికన్నా ఒక మెట్టు తక్కువగా కలిపి గంటా రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచితే దానంతటదే ముదురుతుంది. బొత్తిగా ఎర్రగా కావాలంటే ఆ రంగును నాలుగు చిన్న పువ్వులకే ఉంచి, పూత తెల్లగా వదిలేయండి.