పెర్తెస్ వచ్చిన బాబు మళ్లీ ఎప్పుడు పరుగెత్తగలడు?

మా బాబుకి ఐదేళ్లు. మోకాలు నొప్పి అంటూ కుంటుతుంటే ఎక్స్‌రే తీయించాం. తీరా చూస్తే సమస్య తుంటిలో ఉంది, పెర్తెస్ అన్నారు. తొడ ఎముక తలకి రక్తం సరిగా అందక అక్కడి ఎముక చచ్చిపోతోందట. మొన్నటి ఎక్స్‌రేలో అది ముక్కలైనట్టు కనిపించింది. చాలా టెన్షన్‌గా ఉంది. నిజంగా మళ్లీ పెరుగుతుందా?

జవాబు 1:
పెరుగుతుందండీ. మా వాడిదీ ఇదే కథ. మీరు చూసింది ముక్కలయ్యే దశ. పాత ఎముకని శరీరం తీసేస్తూ, తర్వాత కొత్తది కడుతుంది. అందుకే ఎక్స్‌రే మొదట ఇంకా పాడైనట్టే కనిపిస్తుంది. ఆ ఫొటో చూసి నేను రాత్రంతా ఏడ్చాను. మొత్తం పూర్తవడానికి రెండు నుంచి నాలుగేళ్లు పట్టొచ్చు. ఆరేళ్లలోపు మొదలైతే ఎముక తల గుండ్రంగా కుదురుకునే అవకాశం ఎక్కువ. గెంతడం, పరుగు మాన్పించాం. డాక్టర్ ఒప్పుకున్నాక ఈత నేర్పించాం. నీళ్లలో వాడికి నొప్పి లేదు, ఆడుకున్న తృప్తీ దక్కింది. ఇప్పుడు ఫుట్‌బాల్ ఆడుతున్నాడు!

జవాబు 2:
కాలు పక్కకి ఎంత తెరుచుకుంటుందో గమనిస్తూ ఉండండి. బిగుసుకుపోతుంటే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా చూపించండి. మా పాపకి అలాగే అయితే ప్లాస్టర్ వేశారు. స్కూల్లో పీఈటీ సార్‌కీ ముందే చెప్పండి.

అడిగినవారు:
ఇద్దరికీ చాలా థ్యాంక్సండీ. ఈత గురించి రేపే డాక్టర్‌ని అడుగుతాను.